చల్లగా ఉండే చొక్కా వేరు, ఎండను ఆపే చొక్కా వేరు: బయటి పనులకు బట్టలు ఎలా ఎంచుకోవాలి?

కొన్నేళ్ల కిందట ఒక మధ్యాహ్నమంతా ఈత కొలనులో గడిపాను. ఒట్టి ఒంటితో దిగితే వీపు కమిలిపోతుందని తెలుసు కాబట్టి, మహా తెలివిగా పాత తెల్ల కాటన్ టీషర్ట్ ఒకటి తొడుక్కునే దిగాను. ఆ రాత్రి వీపు పరుపుకు ఆనితే ఒట్టు. అద్దంలో చూసుకుంటే మెడ కింద నుంచి నడుం దాకా ఎర్రగా కంది ఉంది, ఒక్క చోట తప్ప. ఆ టీషర్ట్ వెనక రబ్బరులాంటి మందపాటి రంగుతో 7 అంకె అచ్చువేసి ఉండేది. సరిగ్గా ఆ 7 ఆకారంలో మాత్రం చర్మం మామూలుగానే ఉంది. వారం పది రోజులు ఆ అంకెను వీపున మోసుకు తిరిగాను.

ఒంటి మీద ఏదో ఒక బట్ట ఉంటే చాలు, ఎండ తగలదు అనుకోవడం ఎంత పొరపాటో అలా తెలిసింది. ఆ తర్వాత ఎండలోకి వేసుకునే బట్టలు కొనే తీరే మార్చుకున్నాను. అదే వరుసగా చెబుతాను. మీరు కొనేది నడకకా, సైకిల్ తొక్కడానికా, ఈతకా, తోట పనికా అన్నదాన్ని బట్టి కొన్ని అంచెలు దాటేయొచ్చు. మూడోది మాత్రం దాటొద్దు.

1. వేడిని కాసేపు పక్కన పెట్టండి

బయటికి వెళ్లేముందు మనం బట్టలు తీసేది ఉక్కపోతను చూసి. పలచగా ఉందా, గాలి ఆడుతుందా, చేతులు పొట్టిగా ఉన్నాయా, ఇంతే. కానీ చర్మాన్ని కమిలించేది మనకు తెలిసే వేడి కాదు, అతినీలలోహిత కిరణాలు. అందరూ యూవీ అంటున్నారు కాబట్టి నేనూ అలాగే అంటాను. ఇవి కంటికి కనపడవు, ఒంటికి తగులుతున్నట్టూ తెలియవు. వీటిలో తరంగదైర్ఘ్యం (అలకూ అలకూ మధ్య దూరం) 280 నుంచి 315 నానోమీటర్ల మధ్య ఉండేది యూవీ–బి. చర్మం కందేది ఎక్కువగా దీనివల్లే. 315 నుంచి 400 మధ్య ఉండేది యూవీ–ఏ. ఇది చర్మంలో ఇంకా లోతుకు దిగి, ఏళ్ల తరబడి ముడతలూ మచ్చలూ తెచ్చిపెడుతుంది. చర్మ క్యాన్సర్‌లో రెండింటికీ పాత్ర ఉంది.

కాబట్టి చల్లగాలి వీచే రోజు, పలచగా మబ్బు పట్టిన రోజు ‘ఇవాళ ఎండ లేదులే’ అనుకుంటే మోసపోతాం. పలచటి మబ్బులోంచి యూవీ 80 శాతం దాకా దిగివస్తుంది. ఫోన్‌లో వాతావరణం చూసే చోట ఉష్ణోగ్రతతో పాటు యూవీ సూచిక అని ఒక అంకె ఉంటుంది, అది చూడండి. 3 వచ్చిందంటే జాగ్రత్త అవసరం. 8 దాటితే మిట్టమధ్యాహ్నం బయట ఉండకపోవడమే మంచిది. 11, ఆపైన అంటే అతి తీవ్రం. ఫోన్ చేతిలో లేకపోతే మీ నీడ చూసుకోండి. నీడ మీకంటే పొట్టిగా ఉంటే యూవీ గట్టిగా ఉన్నట్టే.

వెళ్లే చోటును కూడా లెక్కలోకి తీసుకోవాలి. వెయ్యి మీటర్లు ఎత్తు ఎక్కితే యూవీ 10 శాతం పైనే పెరుగుతుంది. పొడి ఇసుక తన మీద పడ్డదాంట్లో 15 శాతం వరకు తిప్పి కొడుతుంది. కొత్తగా కురిసిన మంచు అయితే 80 శాతం దాకా. మంచు కొండల మీద నడిచేవాళ్లకు గడ్డం కింద, ముక్కుపుటాల దగ్గర కందిపోవడం ఇందుకే. పై నుంచి వచ్చేదాన్ని టోపీ ఆపుతుంది, కింది నుంచి వచ్చేదాన్ని ఏం చేస్తుంది?

2. అద్దం ముందు మీరు చేయబోయే పనిని చేసి చూడండి

నవ్వుకున్నా సరే, ఇది చేయండి. నిటారుగా నిలబడినప్పుడు ఒంటిని కప్పిన చొక్కా, వంగితే కప్పదు. సైకిల్ మీద వాలినట్టు ముందుకు వంగండి. చొక్కా పైకి లేచి నడుం వెనక నాలుగు వేళ్ల మందాన చర్మం బయటపడుతుంది. మెడ వెనక భాగం ఆకాశానికి ఎదురుగా ఉంటుంది. హ్యాండిల్ పట్టుకున్న చేతుల మీద మణికట్టు నుంచి వేళ్ల కణుపుల దాకా తెరిచే ఉంటాయి. తొడల పైభాగం గంటల తరబడి ఎండకు ఎదురుగా ఉంటుంది.

తోటలో వంగి పనిచేసేవారికి మెడ, నడుం. పడవలోనో గట్టు మీదో కూర్చునేవారికి తొడలు, పాదాల పైభాగం. నడిచేవారికి ముక్కు, చెవులు, మెడ వెనక. ఈదేవారికి భుజాలు, వీపు, మోకాళ్ల వెనక. అర మీటరు లోతు నీళ్లలో కూడా పైన ఉన్న యూవీలో 40 శాతం ఉంటుంది కాబట్టి, నీళ్లలో మునిగాం కదా అన్న ధీమా పనికిరాదు.

ఇలా బయటపడే చోట్లు ఒక కాగితం మీద రాసుకుని కొనడానికి వెళ్లండి. లేకపోతే అక్కడ మీ కళ్లు రంగుల మీద, డిజైన్ల మీద పడతాయి. నా కళ్లయితే పడతాయి.

3. బట్టను వెలుగుకు ఎత్తి, సాగదీసి, తడిపి చూడండి

అసలు పరీక్ష ఇది. బట్ట యూవీని ఆపాలంటే రెండు జరగాలి. పోగుల మధ్య సందులు లేకుండా ఉండాలి, పోగు కూడా తన మీద పడ్డ యూవీని పీల్చుకోవాలి.

మొదట సందుల సంగతి. బట్ట లోపల చెయ్యి పెట్టి, వేళ్లు కొద్దిగా విడదీసి, కిటికీ వెలుగుకు ఎత్తండి. వేళ్లు విడివిడిగా లెక్కపెట్టగలిగేలా కనిపిస్తే ఆ బట్టను పక్కన పెట్టేయొచ్చు. చెయ్యి మసక నీడలా కనిపిస్తే ఫరవాలేదు. చెయ్యి ఉన్నట్టే తెలియకపోతే మంచిది. సూదిమొనలంత వెలుగు చుక్కలు కనిపిస్తున్నాయేమో కూడా చూడండి. వెలుగు దూరిన సందులోంచి యూవీ కూడా దూరుతుంది. వదులుగా అల్లిన టీషర్ట్ కంటే దగ్గరగా నేసిన చొక్కా సాధారణంగా నయం. జీన్స్ గుడ్డ ఎందుకు అంత బాగా కాపాడుతుందో చూడగానే తెలుస్తుంది. మందం, గట్టి నేత, ముదురు రంగు, మూడూ అందులో ఉన్నాయి. జీన్స్ వేసుకుని పరుగెత్తమని నేను చెప్పను.

రెండోది పోగు. పాలిస్టర్ అణువుల నిర్మాణం యూవీ–బిని సహజంగానే పీల్చుకుంటుంది. తెల్లగా బ్లీచ్ చేసిన కాటన్ ఈ విషయంలో బాగా వెనకబడి ఉంటుంది. బ్లీచ్ చేయని, లేత గోధుమరంగులో ఉండే కాటన్‌లో సహజ పదార్థాలు కొన్ని మిగిలి ఉంటాయి కాబట్టి అది కొంత మెరుగు. కాటన్‌ను తిట్టడం నా ఉద్దేశం కాదు. దగ్గరగా నేసిన కాటన్ చొక్కా పలచటి పాలిస్టర్ జాలీ కంటే ఎంతో మేలు. నేత బాగుంటే పోగు లోటు చాలావరకు తీరుతుంది. నేతే బాగాలేకపోతే ఏ పోగైనా ఒకటే.

రంగు విషయంలో లోకంలో ఉన్న మాట ‘ఎండకు తెలుపు’. వేడి విషయంలో అందులో నిజముంది. యూవీ విషయంలో చాలాసార్లు తిరగబడుతుంది. ఒకే బట్టకు లేత రంగు, ముదురు రంగు వేసి చూస్తే ముదురు రంగుదే ఎక్కువ యూవీని పీల్చుకుంటుంది. అలాగని తెల్లవన్నీ పనికిరానివని కాదు. గట్టిగా నేసిన తెల్ల పాలిస్టర్ కూడా పూర్తి రక్షణ ఇవ్వగలదు. రెండు బట్టలు అన్ని విధాలా ఒకేలా ఉన్నప్పుడు మాత్రమే రంగుతో తేల్చుకోండి.

ఇప్పుడు సాగదీయండి. ఒంటికి అతుక్కునే లెగ్గింగ్స్, బిగుతు టీషర్ట్‌ల అసలు రంగు ఇక్కడ బయటపడుతుంది. చేతిలో ఉన్నప్పుడు నల్లగా, గట్టిగా కనిపించిన గుడ్డ మోకాలి మీద, తొడ మీద సాగేసరికి పోగులు ఎడమై లోపలి చర్మం రంగు కనిపిస్తుంది. వేసుకున్నాక ఎంత సాగుతుందో అంత సాగదీసి వెలుగుకు పట్టండి. అప్పుడు చెయ్యి కనిపిస్తే ఒక సైజు పెద్దది చూడండి, లేదా ఇంకో బట్ట చూడండి.

చివరిగా నీళ్లు. కాగితం మీద నూనె చుక్క పడితే అవతలి పక్క అక్షరాలు కనిపిస్తాయే, తడిసిన కాటన్‌కు జరిగేది అలాంటిదే. పోగుల మధ్య ఉన్న గాలి స్థానంలోకి నీరు చేరి, వెలుగును చెదరగొట్టే గుణం తగ్గిపోతుంది. బట్ట పారదర్శకంగా మారుతుంది. నా 7 కథంతా ఇదే. రబ్బరు అచ్చు తడిసినా మారలేదు, చుట్టూ ఉన్న కాటన్ మారింది. దుకాణంలో బట్ట తడపనివ్వరు కాబట్టి, ఇంట్లో ఇప్పటికే ఉన్నవాటిని తడిపి చూసుకోండి. చెమటతో చొక్కా తడిసి ముద్దయ్యే పనులకు కూడా ఇది వర్తిస్తుంది.

ఈ పరీక్షకు ఒక హద్దు ఉంది. మన కన్ను చూసేది వెలుగును, యూవీని కాదు. పనికిరాని బట్టను ఇది బాగా పట్టిస్తుంది. మంచి బట్ట ఎంత మంచిదో మాత్రం చెప్పలేదు. దానికి లేబుల్ చూడాలి.

4. లేబుల్ మీద అంకె, ప్రమాణం పేరు వెతకండి

బట్ట యూవీని ఎంత ఆపుతుందో చెప్పే కొలత యూపీఎఫ్. క్రీముల మీద కనిపించే ఎస్‌పీఎఫ్‌కు ఇది బంధువే గానీ ఒకటి కాదు. ఎస్‌పీఎఫ్ ప్రధానంగా చర్మం కందే లెక్క. యూపీఎఫ్ మాత్రం బట్ట గుండా యూవీ–ఏ, యూవీ–బి రెండూ ఎంత దిగుతున్నాయో పరికరంతో కొలిచి తేల్చే లెక్క. అర్థం చేసుకోవడం తేలిక. 50 అని ఉంటే పడినదాంట్లో యాభయ్యో వంతు, అంటే 2 శాతమే లోపలికి దిగుతుంది. 30 అయితే 3.3 శాతం, 15 అయితే 6.7 శాతం. మామూలు పలచటి తెల్ల కాటన్ టీషర్ట్ 5 నుంచి 7 దగ్గర ఉంటుంది. అంటే ఏడో వంతు నుంచి ఐదో వంతు దాకా నేరుగా చర్మానికి చేరుతుంది. తడిస్తే ఇంకా ఎక్కువ.

ఈ అంకెల్ని కాస్త జాగ్రత్తగా చూస్తే కొనేటప్పుడు డబ్బు మిగులుతుంది. 5 నుంచి 30కి వెళ్తే లోపలికి దిగేది 20 శాతం నుంచి 3.3కి పడిపోతుంది. 30 నుంచి 50కి వెళ్తే తగ్గేది ఒకటిన్నర శాతం లోపే. కాబట్టి 50+ ఉన్న పొట్టి చేతుల చొక్కా, 30 ఉన్న పొడుగు చేతుల చొక్కా పక్కపక్కన ఉంటే నేను కళ్లు మూసుకుని రెండోది తీసుకుంటాను. అంకె బట్టకే గానీ, బట్ట లేని చోటుకు కాదు.

ఒట్టి ‘ఎండ నుంచి రక్షణ’ అన్న మాటను నమ్మొద్దు. అంకె ఉండాలి, ఏ ప్రమాణం ప్రకారం పరీక్షించారో ఉండాలి. ఈ విషయంలో మొదట ప్రమాణం తెచ్చింది ఆస్ట్రేలియా, న్యూజిలాండ్. ఏఎస్/ఎన్‌జెడ్‌ఎస్ 4399 అన్న పేరుతో 1996లో వచ్చింది. తర్వాతి సవరణల్లో, బట్ట ఎంత గట్టిదైనా ఒంటిని కనీసం ఇంత మేర కప్పితేనే ఆ ముద్ర వేయాలని షరతు కూడా చేర్చారు. నాకు నచ్చిన షరతు అది. ఐరోపా ప్రమాణం ఈఎన్ 13758. దాని ముద్ర పడాలంటే యూపీఎఫ్ 40 దాటాలి, యూవీ–ఏ 5 శాతానికి లోపే దిగాలి. అమెరికా పద్ధతిలో పరీక్షకు ముందు బట్టను 40 సార్లు ఉతికి, కృత్రిమ ఎండలో ఉంచుతారు. ఈత దుస్తులైతే క్లోరిన్ నీళ్లకు కూడా గురిచేస్తారు. అంటే ఆ అంకె కొత్త బట్టది కాదు, వాడగా వాడగా మిగిలేది.

లేబుల్ లేని బట్టలన్నీ తీసిపారేయక్కర్లేదు. మీ అలమరాలోనే మూడో అంచె పరీక్షకు నిలబడే చొక్కాలు రెండు మూడు దొరుకుతాయి. వాటితో మొదలుపెట్టండి.

5. ఇప్పుడు వేడి దగ్గరికి రండి

‘ఎండాకాలం ఫుల్ హ్యాండ్స్ వేసుకుంటే ఉడికిపోమా?’ అని అడుగుతారు. బిగుతు చొక్కా అయితే ఉడికిపోతారు. వదులు చొక్కా అయితే బట్టకూ ఒంటికీ మధ్య గాలి కదులుతుంది, చెమట ఆరుతుంది, ఎండ నేరుగా చర్మాన్ని కాల్చదు. వదులు బట్టతో ఇంకో లాభం, అది సాగదు, ఒంటికి అతుక్కోదు.

నెమ్మదిగా చేసే పనులకు వదులు కాటన్ హాయిగా ఉంటుంది. చెమటలు కారే పనులకు, చెమటను పీల్చి పైకి తెచ్చి త్వరగా ఆరిపోయే పలచటి పాలిస్టర్ లేదా నైలాన్ మేలు. గాలి కోసం పెట్టే జాలీ ఎక్కడుందో చూడండి. చంకల్లో, వీపు మీద మడత కింద దాగి ఉంటే మంచి పనితనం. భుజాల మీద, వీపు పైభాగంలో తెరిచి ఉంటే ఆ చొక్కా ఎండకు కుట్టింది కాదు. రంగుల్లో నట్టనలుపు దాకా వెళ్లకుండా ముదురు నీలం, ఆకుపచ్చ, ఎరుపు లాంటివి రెండు విధాలా సర్దుకుపోతాయి.

ఒళ్లు వంచి చేసే పని, గాలి కదలని ఉక్క, రెండూ కలిస్తే మాత్రం బట్టల మీద భారం వేయకండి. వడదెబ్బ చర్మం కందడం కంటే తక్షణ ప్రమాదం. పనినే పొద్దున్నకో సాయంత్రానికో మార్చుకోండి.

6. టోపీ అంచును వేళ్లతో కొలవండి

తల చుట్టూ అంచు కనీసం 7.5 సెంటీమీటర్లు ఉండాలి. రమారమి నాలుగు వేళ్ల వెడల్పు అనుకోండి. మనలో ఎక్కువమంది పెట్టుకునే క్రికెట్ టోపీ నుదుటికీ, ముక్కుకూ నీడ ఇస్తుంది. చెవులు, మెడ, చెంపల పక్కలు దానికి పట్టవు. అదే కావాలంటే వెనక మెడ మీదకు, చెవుల మీదకు జారే గుడ్డ ఉన్నది తీసుకోండి. సందులు సందులుగా అల్లిన గడ్డి టోపీని ముఖం మీద పెట్టుకుని పైకి చూడండి, చుక్కల ఆకాశం కనిపిస్తే వద్దు. అంచు అడుగుభాగం ముదురు రంగులో ఉంటే నీళ్ల మీద నుంచి, ఇసుక మీద నుంచి ఎగిరొచ్చే మెరుపు కళ్లలోకి తక్కువగా వస్తుంది. గాలి ఉండే చోటైతే గడ్డం కింద తాడు తప్పనిసరి. తాడు లేని టోపీ రోజంతా చేతిలోనే ఉంటుంది.

7. మిగిలిపోయే ముక్కలు

మెడకు నిలబెట్టగలిగే కాలరు ఉన్న చొక్కా, లేదా గొట్టంలా తొడుక్కునే మెడగుడ్డ. చేతులకు బొటనవేలు దూరే రంధ్రం ఉన్న పొడుగు చేతులు, అరచెయ్యి వైపు పలచగా ఉండే తొడుగులు. పాదాల పైభాగం కప్పే చెప్పులు లేదా సాక్సులు. చెప్పుల పట్టీల గుర్తులు పాదం మీద పడ్డవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

కళ్లద్దాల్లో నలుపుదనం చూసి మురిసిపోవద్దు. నల్లటి అద్దం వెనక కంటిపాప విచ్చుకుంటుంది. ఆ అద్దం యూవీని ఆపేది కాకపోతే అద్దం లేనప్పటికంటే కీడు జరగొచ్చు. యూవీ 400 అని ఉండాలి, పక్కల నుంచి వెలుగు దూరకుండా వెడల్పుగా ఉండాలి. 4వ రకం ముద్ర ఉన్న అతి ముదురు అద్దాలతో బండి నడపకూడదు.

ఎంత కప్పినా కొంత చర్మం బయట ఉంటుంది, దానికే క్రీము. ప్రయోగశాలలో చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున పూసి పరీక్షిస్తారు. మనం అందులో సగం కూడా పూయం, పైగా రెండు గంటలకోసారి మళ్లీ పూయాలన్న సంగతి మరిచిపోతాం. చొక్కాకు ఈ గొడవ లేదు కాబట్టే మొదటి చోటు దానికిచ్చాను.

8. వేసుకుని కదలండి

కొనే ముందు రెండు చేతులూ పైకెత్తండి, పొట్ట కనిపించకూడదు. ముందుకు వంగండి, నడుం కనిపించకూడదు. చెయ్యి చాచి ఏదో అందుకోబోయినట్టు చేయండి, మణికట్టు ఎంత బయటపడుతుందో చూడండి. వీపు సంచి వేసుకునే అలవాటుంటే అదీ వేసుకుని చూడండి, పట్టీలు కాలరును కిందికి లాగేస్తుంటాయి.

పిల్లలకు రెండేళ్లు వస్తుందని మరీ పెద్దది కొనొద్దు, చేతులు జారి వాళ్లే మడిచేస్తారు. బిగుతైపోయిన పాతదీ తొడగొద్దు, సాగి పలచబడుతుంది. ఆరు నెలల లోపు పసిబిడ్డలకైతే ఎండలోకి తీసుకెళ్లకుండా నీడలో ఉంచడమే మొదటి జాగ్రత్త. డాక్సీసైక్లిన్, హైడ్రోక్లోరోథయాజైడ్ లాంటి మందులు వాడేవాళ్ల చర్మం ఎండకు త్వరగా కందుతుంది, లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థ సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు) ఉన్నవాళ్లకు ఎండ పడదు. అలాంటివాళ్లు 50+ కోసమే చూడండి, నేను పైన చెప్పిన 30 లెక్క వాళ్లకు కాదు.

9. ఎలా ఉతకాలో, ఎప్పుడు పక్కన పెట్టాలో చూసుకోండి

కొత్త కాటన్ బట్ట మొదటి కొన్ని ఉతుకుల్లో ముడుచుకుని నేత దగ్గరవుతుంది, అంటే రక్షణ కొంచెం పెరుగుతుంది కూడా. చెమట పీల్చే బట్టలకు ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వాడొద్దు, పీల్చే గుణం చచ్చిపోతుంది. బ్లీచ్ అసలే వద్దు. ఈత కొలను నుంచి రాగానే మంచినీళ్లలో జాడించండి, క్లోరిన్ సాగే పోగుల్ని తినేస్తుంది. అలాంటి బట్టను పిండి మెలిపెట్టకుండా నీడలో ఆరేయండి.

ఆరు నెలలకోసారి మళ్లీ కిటికీ దగ్గరికి తీసుకెళ్లండి. బట్టంతా ఒకేలా అరగదు. సంచి పట్టీ రాసుకునే భుజాలు, సైకిల్ సీటు తగిలే చోటు, మోకాళ్లు, మోచేతులు ముందు పలచబడతాయి. మిగతాదంతా కొత్తదిలా ఉన్నా, భుజం మీద వేళ్లు లెక్కపెట్టగలుగుతున్నారంటే దాన్ని సాయంత్రం ఎండ వాలాక చేసే పనులకు మార్చేయండి.